కుడిప్రక్కవాని కొఱకు

ఒడ్డునకు కాపుగానున్న యిసుకమేటను నతానియేలు లారీలకెత్తించి విక్రయించినందులకు జక్కరయ్య చేను గోదావరి పాలగుచున్న భాద్రపదమాసమది. సహ్యగిరిసంభూతయై కాననాంతరములు గడచి కాషాయవర్ణజలరాశియై లంకలనొరసికొని ప్రవహించు నా మహానదిపై సాయంసంధ్యారుణకిరణములు తళుకులీనుచుండగా జక్కరయ్య తన యరటితోట యంచున నిలువబడి, మున్ను తాను పాతిన వెదురుగుంజకును నీటికిని గల యెడము నానాటికి తరుగుచుండుట చూచుచుండెను. చూచుట తప్ప చేయగలిగినది లేదు. నతానియేలు పరాయివాడా యనిన గాదు, స్వయాన మేనత్తకొడుకు. వాని చేను మెరకపైనుండుటచే బెత్తెడైనను కోతపడలేదు. కడుపుమంట యెట్లుండును మఱి.

అంత భార్య తబితమ్మ వచ్చి “ఏమయ్యా, అలా చూత్తా ఉంటే ఏరు సిగ్గుపడి ఆగిపోద్దేటి? రా, కూటానికి జనం వచ్చేసేరు” అనెను.

ఆ వారపు గృహప్రార్థన వారి యింటనే జరుగవలసియుండెను. చాపలపై వలయాకారముగ మోకరించి యొక్కొక్కరు తమ కుడిప్రక్కవారి కొఱకు బిగ్గరగా ప్రార్థించుట ఆ సంఘమువారి యాచారము. ఆలస్యముగ వచ్చిన నతానియేలునకు జక్కరయ్య కుడిప్రక్క తప్ప వేఱుచోటు దొరకకపోయెను. ఇంటియజమాని లేచిపోవుట యెట్లు?

వరుస జక్కరయ్యకు వచ్చెను. ప్రతిదినమును ప్రార్థనలో అతడు నతానియేలు పేరు చెప్పుచునే యుండెను. వాని కొంపపై పిడుగు వేయుమనియే చెప్పుచుండెను. ఆ మాట పదుగురిలో వాని చెంతనే కూర్చుండి పలుకరాదు. మంచిమాట పలుకుదమన్న నోట రాదు. ఎల్లరును కనులుమూసికొని నిరీక్షించుచున్న యా నిశ్శబ్దములో ఒడ్డు విరిగి నీటబడిన చప్పుడు దబ్బున వినవచ్చెను. ఏనాడైనను లాంతరు పట్టుకొని పరుగెత్తువాడు నేడు లేవలేకపోయెను. పరుగెత్తి యేమిచేయును?

“ప్రభువా,” అనెను. “నా సేను నేను పట్టుకోలేకపోతన్నాను. ఈడి మీద కోపం వదల్లేకపోతన్నాను. రెండూ నా వల్ల కావట్లేదు. నువ్వే సూసుకో.”

ఒక్కరును ఆమెన్ అనలేదు. అంత సంఘపెద్ద మార్తమ్మ కనులు తెఱవకయే “ఆమెన్ అనవేంరా నతానియేలూ, నీకోసమేగా అడిగింది. మళ్లీ అడుగుతాడనుకోకు” అనెను.

ఎవరో కిసుక్కుమనిరి. జక్కరయ్యకును నవ్వు వచ్చెను. ఆ వానకాలమున అతనికదియే తొలినవ్వు. నతానియేలు తలవంచుకొని ఆమెన్ అని గొణిగెను.

ఒడలెఱుగక నిదురించిన జక్కరయ్య తెల్లవాఱి పోయి చూడగా గుంజయు లేదు, దానివెనుక నరటిచెట్లును లేవు. అతడు తువ్వాలుతో మొగము కప్పుకొని తనివితీర నేడ్చెను. పిదప, తాను కాపాడలేనిదానికి కావలియుండు పని తనది గాదని యెఱిగినవానికి గలుగు తేలికదనమేదియో గుండెలోనికి దిగగా, తనకే వింతగా కూనిరాగముగ స్తుతికీర్తన తీయుచు ఇంటిదారి పట్టెను.

నతానియేలు క్షమింపుమని యడుగలేదు. గోదావరి వెనుకకిచ్చినది లేదు. పోయినది ఎకరము పదునాలుగు సెంట్లు.