మిలిటరీ ఉయ్యాల

దశరథరామయ్య కాలు విరిగిన రోజు నుంచి ఆ ఇంట్లో అందరికీ నోళ్ళు లేచాయి. అంతకుముందు వీధిలో ఆయన దగ్గు వినబడితే వంటింట్లో గిన్నెలు కూడా సర్దుకుని కూర్చునేవి. ఇప్పుడు పనిమనిషి దుర్గ కూడా "ఆ మెట్టు దిగమాకండి అయ్యగారూ" అని హెచ్చరించేదే. శ్రావణమాసంలో వాగు దాటుతుంటే బండి తిరగబడి తొడ ఎముక విరిగింది. బెజవాడ ఆసుపత్రిలో కట్టు కట్టారు, తర్వాత విప్పారు, ఎముక అతుక్కుంది, ఇక వెళ్ళి నడవండి అన్నారు. ఆ మాట డాక్టరు నమ్మాడు, దశరథరామయ్య నమ్మాడు. భార్య సుబ్బరత్నమ్మ మాత్రం నమ్మలేదు. ఆవిడ నమ్మకపోతే ఆ ఇంట్లో ఏదీ జరిగినట్టు కాదు.

రెడ్డిగూడెంలో వాళ్ళ మామిడితోట ఊరికి పడమట, కొండ మొదలు దాకా ఉంటుంది. నేల ఆవిడది, పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చారు. చెట్లు ఆయనవి. పెళ్ళయిన ఏడాదే గోతులు తవ్వించి, అంటుమొక్కలు తెప్పించి, కావిళ్ళతో నీళ్ళు మోయించి పెంచాడు. పూత మొదలైందంటే ఇంట్లో పడుకునేవాడు కాదు. తోటలో మంచె మీదే పడక, తెల్లవారగానే చెట్టు చెట్టునూ పలకరించుకుంటూ నడక. ఈ ఏడూ పూత విరగబూసింది. ఆయన మాత్రం అరుగు మీదే ఉన్నాడు. గాలి అటునుంచి వీచినప్పుడు పూత వాసన వస్తే మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

అలాంటి సమయంలో నూజివీడు నుంచి వెంకటకృష్ణారావు అనే పెద్దమనిషి వచ్చి, తోట అయిదేళ్ళ కౌలుకు ఇమ్మని అడిగాడు. "నడవలేని మనిషికి తోట ఉంటే బెంగే కదండీ" అన్నాడు ఎంతో జాలిగా. ఆ జాలికి దశరథరామయ్యకు ఒళ్ళు మండిపోయింది. సుబ్బరత్నమ్మకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. తోట చేతిలో లేకపోతే మొగుడు ఇంటిపట్టున ఉంటాడు, మళ్ళీ ఏ వాగులోనూ పడడు. ఆదివారం పొద్దున కాగితం రాసుకుందామని ఆవిడే మాట ఇచ్చేసింది.

ఇంట్లో ఆయన పక్షాన ఉన్నవాడు ఒక్కడే, ఆవిడ తమ్ముడు జగన్మోహనరావు. యుద్ధంలో బర్మా సరిహద్దు అడవుల్లో పనిచేసి వచ్చాడు. పనిచేసింది సప్లై డిపోలో గుమాస్తాగా అయినా, చెప్పేటప్పుడు మాత్రం పులులు, ఫిరంగులు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. డిపోలో పనిచేసినవాడు కనుక ఒళ్ళు కూడా బాగానే చేశాడు. యుద్ధం ముగిసి ఏడాదిన్నర అయినా ఉద్యోగం వెతుక్కుంటున్నానని చెప్పి అక్క ఇంట్లోనే భోంచేస్తున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఈ బావా బావమరుదులు కలిసి ఎక్కని గుట్ట లేదు, పడుకోని బండ లేదు. ఆకాశం కింద పడుకోకపోతే ఇద్దరికీ నిద్ర సరిగా పట్టదు.

మద్రాసులో పటాలం సామాన్లు అమ్మేస్తుంటే జగన్మోహనరావు రెండు కాన్వాసు ఊయలలు కొనుక్కొచ్చాడు. రెండు చెట్లకు రెండు కొసలూ కట్టి మధ్యలో పడుకోవడమే. పైన వానకు తడవని కప్పు, చుట్టూ దోమతెర, లోపల దూరాక మూసుకోవడానికి జిప్పు. ఊళ్ళోవాళ్ళు దాన్ని మిలిటరీ ఉయ్యాల అన్నారు.

"ఈ వయసులో ఉయ్యాల ఏంట్రా, పాలపీక కూడా తేకపోయావా" అంది సుబ్బరత్నమ్మ.

దశరథరామయ్య పెరట్లో కట్టిన దాంట్లో ఒకసారి పడుకుని చూశాడు. నులక మంచం మీద ఏ పక్కకు తిరిగినా సలిపే తొడ, అందులో ఎక్కడా ఒత్తుకోలేదు. ఆ మధ్యాహ్నం ఆయన గురక పక్కింటికి వినబడింది. నిద్ర లేచాక ఆయన కళ్ళలో పాత వెలుగు కనబడింది. అది చూసి సుబ్బరత్నమ్మ గుండెలో రాయి పడింది.

అనుకున్నంతా అయింది. "రేపు జగనూ నేనూ కొండెక్కుతున్నాం. రాత్రికి అక్కడే ఉయ్యాలల్లో పడుకుని ఆదివారం పొద్దున దిగుతాం" అన్నాడాయన.

"నడిచేనా?"

"నడిచే."

ఆవిడ కాసేపు ఆలోచించింది. తోట చివర దాకా వెళ్ళేసరికి ఆయనే వెనక్కి తిరుగుతాడు, దాంతో ఈ గోల తీరుతుంది అనుకుంది. "సరే వెళ్ళండి. మీ కాళ్ళతో మీరు వెళ్ళి, మీ కాళ్ళతో మీరు మన గుమ్మంలోకి వచ్చారంటే ఆ నూజివీడు ఆయనకు కాఫీ ఇచ్చి పంపించేస్తాను. రాలేకపోయారా, నేను సంతకం పెట్టేస్తాను. తర్వాత నన్నొక్క మాట అనకూడదు."

"అనను" అన్నాడు దశరథరామయ్య.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బయలుదేరారు. ఊయలలు, దుప్పట్లు, పులిహోర మూట జగన్మోహనరావు వీపున, కర్ర దశరథరామయ్య చేతిలో. తోట దాటేదాకా హాయిగా సాగింది. కొండ మొదలయ్యాక కాలు తన సంగతి గుర్తుచేసింది. నాలుగడుగులు వేయడం, కర్ర మీద ఆనుకోవడం, మళ్ళీ నాలుగడుగులు. మేకల కాపరులు చూసి నవ్వుకున్నారు. జగన్మోహనరావు మాత్రం ముందుకు పరుగెత్తలేదు, చెయ్యి అందించనూ లేదు. బావ ఆగినప్పుడల్లా తనూ ఆగి, బర్మాలో మలేరియా ఎలా వచ్చిందో చెబుతూ ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చాడు. ఆ మలేరియా కథ ఎప్పుడూ విసుగు పుట్టించేదే గాని, ఆ రోజు దశరథరామయ్యకు ఎంతో ముద్దొచ్చింది.

పొద్దుగుంకే వేళకు పైనున్న చదునుకు చేరారు. చెరో జత మద్దిచెట్లు చూసుకుని ఉయ్యాలలు కట్టారు. ఒకరి మాట ఒకరికి వినబడేంత దగ్గరగా పడుకుని, పులిహోర తిన్న చేతులు దుప్పటికే తుడుచుకుని, పాత అబద్ధాలన్నీ మళ్ళీ చెప్పుకున్నారు.

"బావా, నిజం చెప్పు, కాలు ఎలా ఉంది?"

"ఉంది."

"అంటే?"

"ఇన్నాళ్ళూ ఉందో లేదో తెలిసేది కాదురా. ఇవాళ నొప్పెడుతోంది. నాది నాకు తిరిగొచ్చినట్టుంది."

గాలికి ఉయ్యాల మెల్లగా ఊగుతుంటే దశరథరామయ్య ఆరునెలల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

కళ్ళు తెరిచేసరికి ఎండ ఇంకా రాలేదు. కింద తోటంతా పూతతో గోధుమరంగు తిరిగి, ఊరి పొగ దాని మీద పల్చగా పరుచుకుని ఉంది. పూత మీదున్న ఆ చెట్లన్నిటినీ ఒక్క చూపులో చూడడం ఆయనకు అదే మొదలు. ఇన్నేళ్ళూ పూతకాలమంతా వాటి కిందే తిరిగాడు గాని పైనుంచి చూడలేదు. ఆయనకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. నవ్వే బయటపెట్టాడు. "పదరా, కాఫీ వేళకు ఇంట్లో ఉండాలి" అన్నాడు.

దిగడం మొదలుపెట్టాక జగన్మోహనరావుకు బాధ్యత ఎక్కువైంది. బావ పడితే అక్క తనను బతకనివ్వదు. అందుకని ముందు నడుస్తూ, మాటిమాటికీ వెనక్కి తిరిగి, ఇక్కడ గడ్డి జారుతుంది, ఇక్కడ ముల్లు ఉంది అని ప్రతి అడుగూ అప్పజెబుతున్నాడు. సగం దూరం దిగారు.

"బావా, ఈ రాయి చూసుకో, ఇది కదులుతుంది" అని, ఎలా కదులుతుందో చూపించడానికి దాని మీద కాలు వేశాడు.

అది నిజంగానే కదిలింది. జగన్మోహనరావు దాంతోపాటు పోయి కింది పొదలో తేలాడు. దశరథరామయ్య కర్ర పోటేసుకుంటూ దిగి చూస్తే, చీలమండ అప్పటికే బూరెలా పొంగింది. నిలబెట్టబోతే కెవ్వుమన్నాడు.

ఆ కేక విని పక్క లోయలో వెదుళ్ళు కొడుతున్న చిన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళ తోటలోనే కూలిపని చేసే మనిషి. సంగతి చూసి, "నేను ఊళ్ళోకెల్లి ఇంకో మనిసిని పిలుచుకొస్తానండి. డోలీ కట్టి దింపుదాం" అన్నాడు.

"వాడు వెళ్ళి రావడానికి మధ్యాహ్నం అవుతుంది. నువ్వు దిగిపో బావా" అన్నాడు జగన్మోహనరావు పళ్ళు బిగించి. "చిన్నయ్య నాకు తోడుంటాడు. నువ్వు నడిచి ఇంటికి చేరు, తర్వాత మనుషుల్ని పంపించు. ఆ నూజివీడు ఆయన వచ్చి కూర్చుని ఉంటాడు. అక్క సంతకం పెట్టేస్తుంది."

అది న్యాయమైన మాటే. కర్ర పట్టుకుని తన దారిన తను దిగితే తోట దక్కుతుంది. దశరథరామయ్య కింద కనబడుతున్న తోటను ఒకసారి చూశాడు, పొదలో చతికిలబడిన బావమరిదిని ఒకసారి చూశాడు. నిన్న తను ఆగిన ప్రతిచోటా ఆగిన మనిషి వాడు. వాడిని కొండ మీద వదిలి ఒక్కడే ఇంటికెళ్ళి గెలిచానని చెప్పుకోవడం ఆయనకు సిగ్గనిపించింది.

"చిన్నయ్యా, గట్టి వెదురొకటి చూడు" అన్నాడు. "ఆ ఉయ్యాల రెండు కొసలూ దానికి బిగించు. ఒక కొస నువ్వు పట్టు, ఒక కొస నేను."

"వద్దండి అయ్యగారూ, మీ కాలు..."

"బావా, నీకు మతి పోయిందా? నా బరువు తెలుసా నీకు?"

"డిపో తిండి కదా, తెలియకేం" అని దశరథరామయ్య చొక్కా విప్పి మడతపెట్టి భుజాన వేసుకున్నాడు. తువ్వాలు తలకు చుట్టాడు. దారి నాకు తెలుసు అంటూ ముందు కొస ఆయనే ఎత్తుకున్నాడు.

మొదటి అడుగుకే తొడలో నిప్పు రాజుకుంది. రెండో అడుగుకు కళ్ళు చీకట్లు కమ్మాయి. తర్వాత చిత్రంగా, భుజాన బరువు కుదురుకోగానే కాలు కూడా కుదురుకుంది. అరుగు మీద అందరూ బుజ్జగించిన కాలు, పని చెబితే వింటోంది. మధ్యమధ్య దింపుకుంటూ, చెమటలు తుడుచుకుంటూ, మళ్ళీ ఎత్తుకుంటూ వచ్చారు. మొదట్లో జగన్మోహనరావు లోపలినుంచి మిలిటరీవాడిలా ఆజ్ఞలు వేశాడు. ఎండ మొహాన కొడుతోందని కప్పు దించుకుని జిప్పు లాక్కున్నాడు. ఆ పైన ఉయ్యాల ఊపుకు, రాత్రి కబుర్లతో చాలని నిద్రకు, నొప్పి కూడా మరిచి నిద్రపోయాడు.

తోట గట్టు మీద పనికి వస్తున్న సత్యవతి దూరంనుంచి డోలీని చూసింది. కొండెక్కిన వాళ్ళలో డోలీలో రావలసిన వాడు ఎవడో ఊరందరికీ తెలుసు. "అయ్యగారిని డోలీలో తెత్తన్నారు" అని ఊళ్ళోకి పరుగుతీసింది.

వాళ్ళు వీధిలో అడుగుపెట్టేసరికి జనం పోగయ్యారు. చూపులన్నీ మూసి ఉన్న కాన్వాసు మీదే. డోలీ మోసేవాడి మొహం చూసే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. చొక్కా లేకుండా, తలకు తువ్వాలు చుట్టి, చెమట కారుతూ ముందు కొస మోస్తున్న మనిషి ఎవడో కూలివాడు అనుకున్నారు. "మొండి మనిషి, చెబితే విన్నాడు కాదు" అన్నాడు పక్కింటి రాఘవయ్య. "పాపం మంచివాడే, నోరే కాస్త పెద్దది" అన్నారెవరో. తన గురించి ఊరు ఏమనుకుంటోందో దశరథరామయ్య పూర్తిగా విన్నాడు. జవాబు చెప్పడానికి ఊపిరి లేక ఊరుకున్నాడు.

అరుగు మీద వెంకటకృష్ణారావు కూర్చుని ఉన్నాడు. డోలీని చూసి లేచి, ముఖం విచారంగా పెట్టాడు. లోపలినుంచి సుబ్బరత్నమ్మ కొంగు జారుతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. ముందున్న మనిషి పక్కనుంచే దూసుకుపోయి కాన్వాసును రెండు చేతులా పట్టుకుంది. "వద్దంటే విన్నారు కారు. ఆ కొండ మీద ఏముందండీ. తోటా వద్దు, ఏమీ వద్దు, ఒక్కసారి పలకండి" అని ఏడ్చింది.

లోపలినుంచి గురక వినబడింది.

ఆవిడ ఏడుపు ఆగిపోయింది. ఆ గురక ఆవిడకు పుట్టింటినుంచీ తెలుసు. అది తమ్ముడిది.

"రత్నం, కాస్త పక్కకు జరుగుతావా" అన్నాడు ముందు కొస మోస్తున్న మనిషి. "దింపుకోవాలి. బరువుగా ఉంది."

సుబ్బరత్నమ్మ తలెత్తి అప్పుడు ఆ మొహం చూసింది. వీధి వీధంతా చూసింది. రాఘవయ్య నోరు తెరిచినవాడు మూయడం మరిచిపోయాడు. చిన్నయ్య వెనకనుంచి, "కొండ మీంచి మోసుకొచ్చారండి అమ్మగారూ, ముందు కొస నాకు ఇయ్యనే లేదు" అన్నాడు అందరికీ వినబడేలా.

డోలీ దింపారు. ఆ కుదుపుకు జగన్మోహనరావు లేచి, జిప్పు అందక లోపల కొట్టుకుంటుంటే దుర్గ వెళ్ళి తీసింది. దశరథరామయ్య ఎవరి భుజమూ పట్టుకోకుండా మూడు మెట్లూ ఎక్కాడు. గడప దాటి లోపల కాలు పెట్టి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

నిలబడ్డాక వచ్చింది అసలు తిప్పలు. ఇంతసేపూ బుద్ధిగా ఉన్న కాలు ఇంటికి చేరగానే వణకడం మొదలుపెట్టింది. పంచె అంచు గాలి లేకుండానే కదులుతోంది. అరుగు మీదున్న పెద్దమనిషి ఇంకా ఇటు తిరగలేదు గాని, తిరగబోతున్నాడు.

సుబ్బరత్నమ్మ ఆ వణుకు చూసింది. రెండంగల్లో మెట్లెక్కి వచ్చి, మొగుడికీ వచ్చినాయనకూ మధ్య గుమ్మంలో నిలబడి, కొంగు వెడల్పుగా భుజాల మీదుగా కప్పుకుంది.

"కాఫీ తెప్పిస్తాను, తాగి వెళ్ళండి" అంది వెంకటకృష్ణారావుతో. "తోట మేమే చేసుకుంటామండీ. మా ఆయన ఉన్నారుగా."

ఆ పెద్దమనిషి ఏదో అనబోయి, వీధిలో జనాన్ని చూసి, కూర్చున్నాడు. ఆవిడ వెనక్కి చెయ్యి చాపింది. చెమటతో తడిసిన ఆయన చెయ్యి దొరికితే గట్టిగా పట్టుకుంది. ఆయన కాలి వణుకు ఆగేదాకా ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు.