మూత తియ్యకుండా తెలిసిన బొంతలు

నేను ఒక బట్టలుతికే యంత్రాన్ని. ఇప్పుడు నాలో మోటారు లేదు. ఏ కర్మాగారంలో నన్ను బిగించారో గుర్తులేదు గానీ, మొదట కొన్నవాళ్లు బదిలీ మీద వెళ్తూ నన్ను హైమవతికి అప్పగించడం బాగా గుర్తుంది. అప్పటికే నా కాలొకటి పొట్టి. ఆమె భర్త దాని కింద చెక్కముక్క దోపి, పెద్ద ఇంజనీరులా చేతులు దులుపుకున్నాడు.

హైమవతి ఫిజిక్సులో డిగ్రీ చదివింది. పాతికేళ్లు వంటింట్లో గడిచాక, ఊళ్లో గుండ్రటి కప్పు మీద నక్షత్రాల ఆట చూపించే తారామండలంలో వ్యాఖ్యాత ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. సప్తర్షి మండలంలో సూర్యుణ్ణి పోలిన ఓ పొరుగు నక్షత్రం, దాని చుట్టూ తిరిగే భారీ గ్రహాలు: వీటి గురించి మామూలు మనుషులకు అర్థమయ్యేలా సోమవారం ఇంటర్వ్యూలో చెప్పాలి. ఈ వయసులో మరో అవకాశం రాదని ఆమెకు తెలుసు.

ఆదివారం పొద్దున్న నాలో రెండు బరువైన బొంతలు కుక్కి, అత్తగారు రమణమ్మకు పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టింది. గురుత్వాకర్షణ, కక్ష్య, వర్ణపటం... రమణమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. ఆ గ్రహాలను ఎవరూ కంటితో చూడలేదనగానే ఆవిడ చెయ్యి ఆగింది.

"చూడకుండానే ఉన్నాయంటే ఎవరు నమ్ముతారే?"

హైమవతి రాసుకున్న కాగితాలు తిరగేసింది. సరిగ్గా అప్పుడే నాకు నీళ్లు పిండే వంతు వచ్చింది. సిగ్గు విడిచి దబదబా ఊగిపోయాను. గిన్నెలు మోగాయి.

"బొంతలు ఒక పక్కకి చేరాయి. ఆపి సర్దు," అంది రమణమ్మ, తల తిప్పకుండానే.

హైమవతి నా మూత మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "మూత తియ్యకుండా మీకెలా తెలిసింది అత్తయ్యా?"

"ఆ ఊపే చెబుతుందిగా. తువ్వాళ్లకి అంత ఊగుద్దా?"

హైమవతి సర్దలేదు. ఇంకాసేపు నన్నలాగే ఊగనిచ్చి, కళ్లప్పగించి చూసింది. బుద్ధిగా పనిచేసినన్నాళ్లూ నన్ను ఎవరూ అలా చూడలేదు. మనుషుల తీరే అంత.

సోమవారం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా భర్తకు చెప్పింది. నక్షత్రం కొంచెం ఊగుతుందట. ఆ ఊపు దాని వెలుగులో తెలుస్తుందట. బరువైనదేదో చుట్టూ తిరుగుతుంటేనే అలా ఊగుతుందట. ఉదాహరణకి నన్నే చెప్పిందట. ఉద్యోగం ఇచ్చారు.

మోటారు కాలిపోయాక ఆమె నన్ను పాత సామాన్లవాడికి ఇవ్వనివ్వలేదు. ఇప్పుడు తారామండలం వరండాలో ఉన్నాను. డ్రమ్ములో ఒక పక్క ఇసుక మూటలు కట్టారు. పిల్లలు తిప్పుతారు, నేను ఊగుతాను.

మొన్న రమణమ్మ వచ్చింది. నా కాలి కింద చెక్క లేదని కోప్పడింది. తర్వాత ఆట చూడ్డానికి లోపలికి వెళ్తూ కోడలి చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ముందు మన బొంతలు ఎక్కడున్నాయో చూపించు."