పొట్టేలు పక్కగోడలకు ఏ లోహం

మిల్లింగ్ షాపు అక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. లోహాన్ని కోయడం, తొలచడం, సాన పట్టడం ఆమె పని. షాపూ తండ్రిదే, అందులో కట్టుబాటూ తండ్రిదే: ఒకరి పని ఇంకొకరి కంట పడకూడదు. రెండో మనిషి గుమ్మంలో కనిపించగానే బల్ల మీదున్న మొదటివాళ్ల వస్తువు మీద గుడ్డ కప్పెయ్యాలి, దాని గురించి ఊసెత్తకూడదు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులుండే వీధిలో ఇలాంటి షాపు ఒకటి ఉండటమే వింత. అందుకే పోట్లాడే రోబోలు కట్టే పిచ్చోళ్లంతా, తమలో తాము ఎంత పగవాళ్లైనా, ఆమె దగ్గరికే వస్తారు.

ఆ పిచ్చోళ్లలో ఆమె తమ్ముడూ ఒకడు. అమ్మానాన్నలు పోయాక ఆమే పెంచింది. ఇప్పుడు వాడి ఉద్యోగం వాడిది, కాపురం వాడిది, ఇల్లేమో ఊరికి ఆ చివర. ఆదివారం షాపుకు వస్తున్నాడంటే అది అక్క మీద బెంగతో కాదు, పొట్టేలు కోసం. పొట్టేలంటే వాడి రోబో. పళ్లున్న ఇనప డ్రమ్మును ముందు గిర్రున తిప్పుకుంటూ వెళ్లి ఎదుటిదాన్ని కుమ్ముతుంది. వాడు దేనికోసం వస్తేనేం, వస్తున్నాడు కదా. ఇద్దరూ మరలు బిగిస్తూ, వాడు మరదలి మీద చాడీలు చెబుతూ, ఈమె మరదలినే వెనకేసుకొస్తూ గడిచే ఆ పూట ఆమెకు వారమంతటికీ సరిపోయేది.

కానీ పొట్టేలు ఏ పోటీకి వెళ్లినా మొదటి ఆటలోనే ఇంటిదారి పడుతోంది. ఈసారీ అంతే అయితే ఇక మానేస్తానన్నాడు. పొట్టేలే లేకపోతే వాడికి ఆ గుమ్మం తొక్కే పనేముంది? ఆమె భయమల్లా అదే.

ఆ ఆదివారం వాడు హుషారుగా వచ్చాడు.

"అక్కా, మొదటి ఆట ఎవరితో పడిందో తెలుసా? టోపీ పిల్లతో, అదే, ఎప్పుడూ టోపీ పెట్టుకుని తిరుగుతుందే. ఆ పిల్ల రోబో ఎత్తి పడేసే రకం. నాకు గట్టి కవచం అక్కర్లేదు, తేలిగ్గా ఉంటే చాలు. పక్కగోడలు అల్యూమినియంతో చేద్దాం. చట్రమూ అదే, కవచమూ అదే. పోటీవాళ్లు పెట్టిన బరువు హద్దులో మిగిలినదంతా డ్రమ్ముకి పెడతా."

చెబుతూ చెబుతూ బల్ల మీద మోచెయ్యి ఆనించాడు. ఆ మోచేతి కింద గుడ్డ. గుడ్డ కింద టోపీ పిల్ల కొత్త కత్తి. ఆ పిల్ల తన రోబోకున్న ఎత్తి పడేసే చెయ్యి తీసేసి, నేలకు అడ్డంగా తిరిగే కత్తి పెట్టించుకుంటోంది. హార్డెన్ చేసిన, అంటే కాల్చి గట్టిపరిచిన ఉక్కు, కొనకు ఒకే ఒక్క పన్ను. గట్టి ఉక్కు మీద పడితే ఆ పన్ను జారిపోతుంది. అల్యూమినియంలోకైతే దిగి, ముక్క ఊడబెరుక్కుని మరీ పోతుంది. అది ఎంత ఎత్తున తిరుగుతుందో కూడా అక్కకు తెలుసు. సరిగ్గా పొట్టేలు బ్యాటరీ ఉండే ఎత్తున.

"ఉక్కు వెయ్యరా," అంది. "హార్డెన్ చేసిన పలక. కింద రబ్బరు పెట్టి బోల్టులు బిగిద్దాం."

"అంత బరువు ఎక్కడ తగ్గించమంటావు? డ్రమ్ములోనా? పోయినసారి నీ మాట విని ఉక్కు వేస్తేనే కదా నత్తలా పాకింది. సరే, ఎందుకు వెయ్యాలో చెప్పు, వేస్తా."

ఎందుకో చెప్పే వీలే ఉంటే ఈ కథే లేదు. చెబితే తండ్రి మాట పోతుంది, తనను నమ్మి వచ్చిన ఆడపిల్లకు ద్రోహమవుతుంది. చెప్పకపోతే తమ్ముడు దూరమైపోతాడు. కక్కలేక, మింగలేక నిలబడింది.

"నా మనసుకు అలా అనిపిస్తోంది," అంది చివరికి.

"నీ మనసుని తూకం వేస్తే పొట్టేలు బరువు మించిపోద్ది," అని నవ్వాడు.

ఆమె చెయ్యి కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లింది. కడిగిన చేతినే మళ్లీ కడిగింది. ఒక్కసారి ఆ గుడ్డ ఎత్తి చూడరా, నా నోటితో చెప్పించకు, అని లోలోపల వాణ్ణి బతిమాలుకుంది. వీలైనంత ఆలస్యం చేసి తిరిగొచ్చేసరికి వాడు బుద్ధిగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"గుడ్డ జారిపోతుంటే సర్దాను అక్కా. చూళ్లేదులే," అన్నాడు.

పెంపకం అంత బాగా కుదిరినందుకు ఏడవాలో మురిసిపోవాలో ఆమెకు తెలియలేదు. అల్యూమినియం పలక తెచ్చి మెషీన్ మీద బిగించింది.

వాడు వెళ్లాక ఆ కత్తికి చివరి సాన పట్టాలి. నీళ్లు వదలకుండా కాసేపు అలాగే నొక్కి పడితే అంచు నీలంగా కాలుతుంది, దాని గట్టిదనం పోతుంది. పైన మెరుగు పెట్టేస్తే ఏ కంటికీ దొరకదు. నీళ్ల కుళాయి మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. పోయిన తండ్రిని నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి, నీళ్లు వదిలింది. తన చేతిమీదుగా అంత చక్కటి అంచు అంతకుముందెప్పుడూ రాలేదు. దిక్కుమాలిన చెయ్యి, దానికి తప్పు పని చెయ్యడం రాదు.

పోటీ రోజున రెండు రోబోలనూ అద్దాల బోనులో పెట్టి తలుపు తాళం వేశారు. ఆ తలుపు పడ్డాక లోపల ఏం జరిగినా బయటివాళ్లు చూస్తూ ఉండాల్సిందే. టోపీ పిల్ల కత్తి తిరగడం మొదలెట్టగానే తమ్ముడి ముఖంలో రంగు మారింది.

"ఇదేంటి అక్కా, కత్తి పెట్టింది," అన్నాడు.

పొట్టేలు తప్పించుకోవాలని చూసింది పాపం. మొదటి దెబ్బకే పక్కగోడ నుంచి అరచేతంత ముక్క ఎగిరి అద్దానికి తగిలింది. రెండో దెబ్బకు కత్తి బ్యాటరీలో దిగింది. పొగ కమ్ముకుంది. వాడు రిమోట్ మీటలు అటూ ఇటూ తోస్తూనే ఉన్నాడు. ఆమె వాడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఏ ముఖం పెట్టుకుని వెయ్యాలో తెలియక వెనక్కి తీసుకుంది.

పొగ పోయాక టోపీ పిల్ల కత్తి ఊడదీసుకుని పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, చూడండి, అంచు కాస్త కూడా మొక్కపోలేదు. మీ చెయ్యి చెయ్యే. అన్నా, ఏమనుకోకండి," అని మెరిసే కళ్లతో వెళ్లిపోయింది.

తమ్ముడు ఆ పిల్ల వెళ్లినవైపే చూశాడు.

"నువ్వే చేశావా?"

"నేనే."

"నేను పక్కగోడల గురించి అడిగినప్పటికే?"

"అప్పటికే చివరికొచ్చింది."

వాడు అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది. వాడు వంగి పొట్టేలును ఒకవైపు పట్టుకుని, "అటు పట్టు అక్కా," అన్నాడు. కాలిన వాసన మధ్య ఇద్దరూ దాన్ని బండి దాకా మోశారు.

"మానేస్తావా?" అని అడిగింది.

"ఎందుకు మానతాను? నువ్వు ఉక్కే వెయ్యమన్నావు, నేనే విన్లేదు. ఈసారి ఉక్కుతోనే కడతా."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆదివారం వచ్చెయ్యి. పలకలు నేను తెప్పించి ఉంచుతా."

"వద్దులే అక్కా," అన్నాడు వాడు, బండి తలుపు వేస్తూ. "మా ఇంటి దగ్గర ఇంకో షాపుంది. ఇక అక్కడే చేయించుకుంటా. నావల్ల నువ్వు మళ్లీ ఇంత నలిగిపోవడం నాకిష్టం లేదు."

అందులో కోపం ఉంటే కాళ్లావేళ్లా పడి అయినా పోగొట్టేది. ఆ మాటలో ప్రేమ తప్ప ఏమీ లేదు.

"సరేరా," అంది.