సాసర్లో రెండు బిస్కెట్లు

కప్పును సాసరు మధ్యలో కూర్చోబెట్టి, అంచున రెండు బిస్కెట్లు ఒకదానిమీద ఒకటి ఒరిగేలా సర్ది, జక్కయ్య ట్రే ఎత్తాడు. పొద్దుటినుంచీ ఇది మూడోసారి. చేతులు సన్నగా వణుకుతున్నాయి గానీ టీ చుక్కయినా తొణకలేదు. చింత చచ్చినా పులుపు చావదంటారు. నలభై ఏడేళ్లు దొరల బల్ల దగ్గర నిలబడ్డ చేతులాయె.

రొజారియో దొరసాని రేపు పొద్దున మద్రాసు బండి ఎక్కుతుంది. అక్కడినుంచి విమానంలో ఆస్ట్రేలియా, అక్కగారి దగ్గరికి. ఆమె భర్త, రైలింజను డ్రైవరు దొర, రైల్వే సమ్మెకు ముందు ఏడే పోయాడు. ఇంక బెజవాడలో ఆమెకు మిగిలింది ఈ అద్దె ఇల్లు, జక్కయ్య, రూబీ. ఇల్లు ఇంటివాళ్లు తీసుకుంటారు. రూబీ కోసం రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బు బోర్డుమీద కాగితం అంటించింది, కుక్కను మంచివాళ్లకు ఇస్తామని. జక్కయ్య కోసం ఏ బోర్డుమీదా ఏమీ అంటించలేదు.

"నాకు చూపు ఆనదు జక్కయ్యా. మంచివాళ్లెవరో నువ్వే చూడు" అని ట్రంకుపెట్టెల మధ్య కుర్చీలో కూలబడింది.

చూడటం జక్కయ్యకు కొత్తేం కాదు. మనుషులు నోటితో ఎన్నయినా చెబుతారు, బిస్కెట్టు దగ్గర దొరికిపోతారని అతని లెక్క. వచ్చినవాళ్లకు టీ ఇచ్చి, రూబీని వదిలి, తను గోడవారన నిలబడి చూస్తాడు. పొద్దున్నే వచ్చిన గార్డుగారి భార్య రెండు బిస్కెట్లూ పిల్లలకని కొంగున ముడేసుకుంది. పాపం, తప్పేముంది? కానీ రూబీకి ఆ ముడి వాసనే మిగిలింది. తర్వాత వచ్చిన కంట్రాక్టరు బిస్కెట్టు ఎత్తి పట్టుకుని, ఏడేళ్ల కుక్కను నాలుగుసార్లు ఎగిరించి నవ్వాడు. ఇద్దరికీ కుదరదని చెప్పేశాడు జక్కయ్య.

చెప్పడం అంత తేలికైపోవడానికి ఇంకో కారణం ఉంది. అది దొరసానికి చెప్పలేదు. ఆ రెండిళ్లలోనూ వంటమనిషి అక్కర్లేదు.

అరవై ఒకటో ఏట, కట్లెట్లూ కస్టర్డూ తప్ప చేతగాని ముసలాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? గుడివాడ దగ్గర పల్లెనుంచి పద్నాలుగేళ్లప్పుడు గిన్నెలు తోమడానికొచ్చి, దొరల ఇళ్లలోనే మీసాలు నెరిశాయి. పెళ్లయిన రెండో ఏడే మార్త టైఫాయిడుతో పోతే మళ్లీ చేసుకోలేదు. డ్రైవరు దొర రాజమండ్రిలో దొరికిన కుక్కపిల్లను టిఫిను డబ్బాలో పెట్టి ఇంజనుమీద తెచ్చిన రోజునుంచి రూబీ పడక జక్కయ్య మంచం కాళ్ల దగ్గరే. గుణదలలో చెల్లెలు తెరేసమ్మ కొవ్వొత్తులమ్ముకుంటుంది. ఒక్క గదిలో ఆరుగురు. "నువ్వు రా అన్నయ్యా, నీకు చాప పరుస్తా. కుక్కను మాత్రం తేకు" అంది. అందుకే కుక్కకు ఇల్లు వెతుకుతూ, ఆ ఇంట్లోనే తనక్కూడా ఓ మూల వెతుకుతున్నాడు. సిగ్గేసినా సరే, వెతుకుతున్నాడు.

మూడో ట్రే పూర్ణచంద్రరావుకి. గవర్నర్‌పేటలో లాడ్జీ, వెనక ఉల్లిపాయల గోడౌను. కుర్చీ నిండా కూర్చున్నాడు. ఒక బిస్కెట్టు తిని, రెండోది కిందపడేసి చెప్పు కొసతో రూబీవైపు నెట్టాడు. రూబీ వాసన చూసి, తినవచ్చా అన్నట్టు జక్కయ్య మొహంలోకి చూసింది.

"పగలంతా గొలుసేసి ఉంచాలి. అన్నంలో ఇంత కారం కలిపి పెడితే రాత్రికి అదే పులవుద్ది" అన్నాడు రావుగారు. లేవబోతూ, "ఏమోయ్, మరి నీ సంగతేంటి? మా లాడ్జీలో టిఫిన్ల కాడ మనిషి లేడు. మేడమీద గదుంది. కుక్కతోపాటు నువ్వూ వచ్చెయ్" అన్నాడు.

రొట్టె విరిగి నేతిలో పడింది. జక్కయ్య ఖాళీ కప్పు ట్రేలోకి తీసుకున్నాడు. సాయంత్రానికి చెబుతానండీ అన్నాడు. చెప్పేదేముంది, ఆరింటికి రిక్షా పంపిస్తా, ఎక్కి రండి అని రావుగారు వెళ్లిపోయాడు.

అప్పటినుంచి జక్కయ్యకు కాలు నిలవలేదు. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోకీ గేటు దగ్గరికీ తిరిగాడు. కడిగిన ప్లేట్లే మళ్లీ కడిగాడు. కట్టిన మూట విప్పి మళ్లీ కట్టాడు. కారం కలపమంటే మాత్రం, వండేది తనే కదా? కలిపానని చెబితే సరి. గొలుసు కూడా ఎవరూ చూడనప్పుడు వదులు చెయ్యొచ్చు. అంతా సర్దుకుంటుందని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. మరి తను మంచాన పడితే? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా లేచి ఇంకో ప్లేటు కడిగాడు. రూబీ అతని వెనకే తిరిగి తిరిగి అలిసి, గుమ్మంలో అడ్డంగా పడుకుంది.

ఐదు కావస్తుండగా గేటు చప్పుడైంది. సన్నటి మనిషి, నేత చీర, చేతిలో గొడుగు. పేరు కనకవల్లి, సత్యనారాయణపురంలో ఉంటున్నానని, ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచర్నని, పిల్లలు చెబితే వచ్చానని చెప్పింది. జక్కయ్య నాలుగో ట్రే తెచ్చాడు.

ఆమె ముట్టలేదు. ఏమీ అనుకోవద్దు, మా అమ్మకు పట్టింపు, అబద్ధం చెప్పడం నాకు రాదు అంది. జక్కయ్యకు ఒళ్లు మండింది. మడీ తడీ ఇంట్లో కుక్కను పాకలో కట్టేస్తారు కాబోలు. పైగా ముట్టనివాళ్లను కొలిచేదెలా? అతని నలభై ఏడేళ్ల విద్య ఆ సాసరు దగ్గరే ఆగిపోయింది.

"ఎక్కడ పడుకోబెడతారండీ?" అన్నాడు కాస్త పెడసరంగా.

"వసారాలో. అమ్మ లోపలికి రానివ్వదు. నేనూ వసారాలోనే పడుకుంటాను."

అంతలో ఐదింటి బండి కూత వేసింది. రూబీ దిగ్గున లేచి, గేటు దగ్గరికి పరుగెత్తి, ఊచల్లోంచి ముట్టె బయటపెట్టి కూర్చుంది. ఎవరికోసమని కనకవల్లి అడిగింది. పొద్దుటినుంచీ వచ్చినవాళ్లలో కుక్కను గురించి ఏదైనా అడిగింది ఈమే. డ్రైవరు దొర కోసమండి, పోయి రెండేళ్లు దాటింది, దానికెవరు చెబుతారు అన్నాడు జక్కయ్య. ఎంతసేపు కూర్చుంటుందని అడిగింది. దొర దిగి నడిచొచ్చేంతసేపు, ఇరవై నిమిషాలు.

ఆమె వెళ్లి గేటు పక్క మెట్టుమీద కూర్చుంది. నిమరలేదు, పిలవలేదు. ఇరవై నిమిషాలూ రోడ్డువైపు చూస్తూ ఊరికే కూర్చుంది. తర్వాత రూబీ తనంతట తనే లేచి, ఆమె గొడుగు వాసన చూసి లోపలికొచ్చింది.

"మా వీధి చివరే రైలుకట్ట. కూత మాకూ వినిపిస్తుంది" అంది కనకవల్లి. "కూర్చుంటానంటే కూర్చోనిస్తాను. తోడుంటాను."

"నా చేతి ముద్ద తప్ప తినదండి అది" అనేశాడు జక్కయ్య. పచ్చి అబద్ధం. అది ఎవరు పెట్టినా తింటుంది.

ఆమె అతని మొహంలోకి చూసింది. వంటింటి గుమ్మంలో కట్టి ఉన్న మూటనూ చూసింది. అర్థమైపోయింది.

"మా వంటింట్లోకి అమ్మ మిమ్మల్ని రానివ్వదు. నాకు ఇష్టమైనా జరగదు" అంది. "ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఓ ఆర్నెల్లు మీరు మా వీధికి రావద్దు. వచ్చి వెళుతుంటే, గేటు దగ్గర అది ఎదురుచూసేవాళ్లు ఇద్దరవుతారు."

కోపం వచ్చింది. ఎందుకు రాదు? ఏడేళ్లు కాళ్ల దగ్గర పడుకున్నదాన్ని చూడొద్దనడానికి ఈమె ఎవరు? నిలదీయబోయి ఆగాడు. ఇంటికి తీసుకెళ్లిన తర్వాతి రోజు రూబీకి ఎలా ఉంటుందో పొద్దుటినుంచీ ఎవరూ ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే తనూ ఆలోచించలేదు, తన మూల గురించి తప్ప. పైగా ఆమె తనను మీరు అంటోంది. ఈ ఊళ్లో అలా అన్నవాళ్లు అతనికి గుర్తులేరు.

లోపలికెళ్లి తన దుప్పటి తెచ్చి మడిచి ఆమెకిచ్చాడు. రూబీ దానిమీదే పడుకునేది. "కారం పెట్టకండమ్మా" అన్నాడు. దొరసాని రూబీ తల తడిమి తడిమి ముద్దుపెట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుంది. కనకవల్లి పిలిచిన రిక్షా దగ్గర రూబీ వెనక్కి లాగింది. జక్కయ్య స్నానాలరోజు గద్దించే గొంతుతో "ఎక్కు" అన్నాడు. ఎక్కింది. రిక్షా కదిలేలోపే అతను ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు, తను కనబడితే అది దూకేస్తుందని.

ఇప్పుడు జూలై. వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. క్రిస్మస్ దాటాక వెళ్లొచ్చు. బతికుంటే.

ఆరింటికి లాడ్జీ రిక్షా వచ్చింది. కుక్కేదని అడిగాడు రిక్షావాడు. ఇచ్చేశామన్నాడు జక్కయ్య.

"మరి నువ్వో?"

"కుక్కతోపాటు రమ్మన్నారు. కుక్క లేదుగా."

రిక్షా ఖాళీగా గవర్నర్‌పేటవైపు తిరిగింది. రేపు దొరసానిని రైలెక్కించి, మూట నెత్తిన పెట్టుకుని గుణదల నడవాలి. దీపం వేసి, సామాను సర్దుదామని వరండాలోకి వచ్చాడు. ట్రే ఇంకా బల్లమీదే ఉంది. టీ మీద మీగడ కట్టింది. సాసరు అంచున, అతను సర్దినట్టే, రెండు బిస్కెట్లు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉన్నాయి.