ఉప్పు కక్కిన గోడ

నీలవేణి తడిగుడ్డతో గోడ తుడుస్తోంది. రోజూ పొద్దున్నే ఆమెకు అదే మొదటి పని. ఎంత తుడిచినా తెల్లారేసరికి ఆ గోడ మీద మళ్లీ తెల్లటి పొడి పేరుకునేది. కింద చెమ్మ.

అత్త అసిరమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, రైలెక్కి ఊరూరూ తిరిగి కూడబెట్టి, ఆమదాలవలస స్టేషను దగ్గర ఈ పెంకుటిల్లు కొంది. వెనక వాటాలో అత్తాకోడళ్లు ఉంటున్నారు. ముందు వాటా అద్దెకు పోతే ఆ ముసలి మోకాళ్లకు గంప మోత తప్పుతుంది. అందుకే మట్టిగోడలకు సిమెంటు పూత పూయించారు. చూడవచ్చిన వాళ్లంతా ఆ గోడ చూసి వెనక్కి పోయారు.

ఆ పూట పక్కవీధి గణపతిరావు గుమ్మంలో ఆగాడు. పాత ఇళ్లు కొని, బాగుచేసి అద్దెకివ్వడంలో తలపండిన మనిషి. గోడ మీద వేలు రాసి నాలిక్కి తాకించాడు.

“ఇసక ఎక్కడిదప్పా?”

“మా సముద్రం ఒడ్డుది బాబూ. ఏటి ఇసకలాగ మట్టుండదు. కడిగినట్టుంతాది,” అంది అసిరమ్మ గొప్పగా.

“కడిగిందే. ఉప్పునీళ్లతో కడిగింది. గోడకి కూడా సేపలాగ ఉప్పెట్టీసినావేటి?”

అసిరమ్మ మూతి ముడుచుకుని లోపలికి పోయింది. నీలవేణి నవ్వు ఆపుకుని, ఏం చేయాలో చెప్పమంది. ఆయన తీరిగ్గా కూర్చుని చెప్పాడు. పైన ఎన్ని సున్నాలు వేసినా ఉప్పు ఆగదు. పూతంతా గోకేసి, గోడను బాగా ఆరనిచ్చి, నాగావళి ఇసుకతో సున్నం కలిపి పూయాలి. సున్నమైతే మట్టిగోడలో చెమ్మను బయటికి పోనిస్తుంది. ముందు వాటాకు పెరట్లోకి వేరే తలుపు కూడా పెట్టించమన్నాడు.

“గోడ ఒకరోజు సూస్తారమ్మా. కుడితినీళ్లు పారబొయ్యడానికి మీ వంటింట్లోంచి ఎల్లాలంటే ఏ ఆడమనిషుంతాది సెప్పు?”

అత్తాకోడళ్లే పూత గోకారు. గోకినంతసేపూ అసిరమ్మ గణపతిరావును తిట్టింది. మధ్యాహ్నం ఆయనకే చేపల పులుసు పంపింది. ఏటి ఇసుక బండి, తన పాత తలుపు ఒకటి ఆయన పంపాడు.

ఆ ఏడాది, 1968 వానల్లో, ఆ గోడ పొడిగా నిలిచింది. వానలు వెనకబట్టాక ఆయనే మిల్లు గుమాస్తా జగన్నాధాన్ని, భార్య పద్మకుమారిని వెంటబెట్టుకొచ్చాడు. పద్మకుమారి గోడకు వీపు ఆనించి చూసింది. పెరటి తలుపు తీసి, “ఇది మా ఒక్కళ్లకేనా?” అని అడిగింది. ఔనని తెలిశాక, వచ్చే మంచిరోజున చేరతామంది.

అసిరమ్మ గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఎదురుగా మూలనున్న గంపకేసి చాలాసేపు చూసింది.

“ముందు గణపతిరావుగారి వాటాయే అడిగినాం,” అంది పద్మకుమారి నీలవేణితో, గొంతు తగ్గించి. “నెల్లాళ్లై కాళీగానే ఉన్నాదట. అయినా మీకిక్కడే సుకం, రండని తీసుకొచ్చినాడు.”

నీలవేణికి ఆ సంగతి తెలియదు. వెనక్కి తిరిగి చూసింది. గణపతిరావు కండువా భుజాన వేసుకుని, గుమ్మం దిగి వెళ్లిపోతున్నాడు.