పసుపు గీకేసిన కొండ

పద్మకుమారి ఫోన్లో జాకెట్టు డిజైన్లు నాలుగు వందల దాకా ఉన్నాయి. బోట్ నెక్, పాట్ నెక్, వెనక తాళ్ళు, తాళ్ళకి లోలకులు, నెమలి వేసిన చేతులు. అన్నీ భద్రంగా ఉన్నాయి. మావగారి కొండల ఫోటోలే లేవు.

మావగారంటే నారాయణమూర్తి మాస్టారు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. ఎచ్చెర్ల దగ్గర ఊళ్ళో ఉన్న కాస్త పొలాన్నీ కౌలుకిచ్చేసి మేడ మీద గదిలో రైలు కడుతున్నారు. బొమ్మ రైలే. ఇంజనూ పెట్టెలూ పట్టాలూ కొడుకు ధర్మేంద్ర ఆన్‌లైన్లో తెప్పించి ఇచ్చాడు. అది పిల్లలాట అనుకుంటే మాస్టారి ముందు అనకండి, రెండు రోజులు అన్నం సహించదు ఆయనకి. బల్ల మీద పట్టాలు పరిచి, చుట్టూ పేపరు గుజ్జుతో కొండలు కట్టి, సొరంగాలు తొలిచి, అరకు లైను అరకు లైనులాగే ఉండాలని ఆయన పంతం.

దానికోసమే కార్తీకంలో కోడల్ని వెంటేసుకుని అరకు వెళ్ళారు. ధర్మేంద్రకి భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం, సెలవు దొరకలేదు. భార్య పోయాక మాస్టారు సరదాగా ఊరు దాటింది అదే మొదటిసారి. ఆయనది మీటలు నొక్కే ఫోను కాబట్టి ఫోటోలన్నీ పద్మ ఫోన్లో తీశారు. కొత్తవలసలో ఎక్కింది మొదలు ఒకటే గోల. "అమ్మా, ఆ రాయి తియ్యి. ఆ గోడ తియ్యి. సొరంగం మూతి తియ్యి, నల్లగా మసి ఉన్నాది సూడు, అదే నాకు గావాల." పద్మ మధ్యలో ఒకసారి ఆయన్ని తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టేసుకున్నారు. "నన్నెందుకు తియ్యడం? నన్ను నేను కట్టుకుంటానేటి?"

తిరిగొచ్చేటప్పుడు మోకాళ్ళు పట్టేసి, రైలు దిగడానికి ఇద్దరు పోర్టర్లు కావలసి వచ్చింది. "ఇంక ఈ జన్మకి కొండెక్కడం అయిపోనాదమ్మా. ఆ ఫోటోలు జాగర్త. రంగులేసినప్పుడు అడుగుతాను" అన్నారు.

ఆ జాగ్రత్త మాఘమాసం దాకా నడిచింది. పెళ్ళిళ్ళ రోజులు. పద్మ కుట్టు మిషను రాత్రీ పగలూ తిరుగుతోంది. ఒక పెళ్ళికూతురు జాకెట్టు ఫోటో తీద్దామంటే ఫోను ఖాళీ లేదంది. ఏం తీసెయ్యాలా అని పద్మ వేలితో పైకి నెట్టుకుంటూ పోతే రాయి, రాయి, గోడ, మట్టి, మళ్ళీ రాయి. ఒక్క మనిషి లేడు. మన ఇళ్ళల్లో ఫోటో అంటే మనుషులు వరసగా నిలబడి ఉండాలి, మనిషి లేని ఫోటో లెక్కలోకి రాదు. మావయ్య చూసేశారు కదా, అనుకుంది. అన్నీ ఒక్కసారిగా చెరిపేసింది. ఖాళీ ఇంకా చాల్లేదని చెత్తబుట్టలోవి కూడా తుడిచేసింది.

ఉగాది వెళ్ళాక మాస్టారు మెట్ల మీంచి కేకేశారు. "పద్మా, కొండలు ఆరిపోనాయి. ఫోటోలు స్టూడియోలో ప్రింటేయించి తేమ్మా, రంగుల్లోకి దిగుతాను."

పద్మకి అప్పుడు గుర్తొచ్చింది. సూది వేలికి గుచ్చుకుంది కూడా, కానీ అది తెలియలేదు. శ్రీకాకుళంలో ఫోన్లు బాగుచేసే షాపులన్నీ తిరిగింది. చెత్తబుట్ట కూడా తుడిచేశాక ఏం చెయ్యలేమన్నారు. ఇంటికొచ్చి, స్టూడియోవాడి మిషను పాడైందని చెప్పింది. వారం పోయాక కూడా మిషను బాగవలేదు.

అప్పుడే నిజం చెప్పేస్తే మాస్టారు ఓ పూట అలిగేవారు, అంతే. ఆ సంగతి పద్మకీ తెలుసు. కానీ రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ "నువ్వు నేకపోతే నా రైలు ఎక్కడిది తల్లీ" అనే మనిషి ముఖం చూసి, మీ కొండల్ని తీసేసి జాకెట్లు ఉంచుకున్నాను అని ఎలా చెప్పడం? పుట్టిల్లు శృంగవరపుకోట దగ్గరే. ఆ రైలు అక్కడ ఆగుతుంది. మళ్ళీ వెళ్ళి అవే ఫోటోలు తీసుకొచ్చేస్తే సరి, అనుకుంది.

నిక్షేపంలా ఉన్న తల్లికి జ్వరం తెప్పించి పుట్టింటికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న తమ్ముడు గోపి బండి మీద స్టేషన్లో దింపాడు. పాపం, కష్టపడిందనే చెప్పాలి. అదే వైపు కిటికీ కోసం ఒకావిడని బతిమాలింది. అవే సొరంగాలు, అవే వంతెనలు, అదే మసి. బొర్రా దగ్గర దిగి గోడ రాళ్ళు కూడా తీసి మళ్ళీ పరుగున ఎక్కింది. సిమిలిగూడ దాటేసరికి మాత్రం చెయ్యి ఆగిపోయింది. కార్తీకంలో అక్కడ కొండవాలంతా వలిసె పూలు. పసుపు ఆరబోసినట్టు ఉంటే మాస్టారు పిల్లాడిలా కిటికీలోంచి వంగిపోయారు. ఇప్పుడు దుక్కి దున్నిన ఎర్రమట్టి, మధ్యమధ్య కాలిన మోళ్ళు. పువ్వన్నది లేదు.

"పూలు పోతే ఏటి? కొండ ఆ కొండే గదా" అని తనకి తనే చెప్పుకుని తీసేసింది.

ఆమె ప్రింట్లు పట్టుకుని వచ్చేసరికి మాస్టారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. మీసాల్లో నవ్వు. "ముందు నువ్వు పైకి రా. నువ్వు ఊళ్ళో నేనప్పుడు ఒక పని సేసేను."

బల్ల మీద పెద్ద కొండ పసుపుగా వెలుగుతోంది. రంపపు పొట్టు రంగులో నానబెట్టి, ఆరబెట్టి, జిగురు రాసి చల్లారు. ఫోటోలు వచ్చేదాకా ఆగలేక కళ్ళు మూసుకుని గుర్తున్నట్టు వేసేశానన్నారు. ఎక్కడ చిక్కగా ఉండాలో ఎక్కడ పలచబడాలో, అంతా ఆ రోజు ఉన్నట్టే ఉంది. పద్మకి కవరు వెనక్కి దాచుకోవాలనిపించింది. ఆయన అప్పటికే లాక్కున్నారు.

ఒక్కొక్క ఫోటో చూస్తూ సంబరపడ్డారు. సొరంగం మూతి చూసి తల ఊపారు. సిమిలిగూడ ఫోటో దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"పద్మా, ఇది ఆ కొండే కదా?"

"అదే మావయ్యా."

"దీని నిండా వలిసె పూలు ఉండాల కదమ్మా."

పద్మ బల్ల మీద రాలిన పసుపు పొట్టుని వేలితో నెట్టింది. ఉన్నాయంటే, మరి ఫోటోలో ఏవీ అంటారు. ఆ ఒక్క మాటతో స్టూడియో మిషనూ అమ్మ జ్వరమూ అన్నీ బయటపడతాయి.

"నా పక్కనే కూకున్నావు. నువ్వు సెప్పు. పూలున్నాయా, నేదా?"

"పూలేవీ నేవు మావయ్యా" అంది పద్మ.

ఫోటోలు చెరపడం పొరపాటు. ఇది పొరపాటు కాదు. ఆ మాట నోట్లోంచి వస్తూండగానే ఆమెకి తెలుసు.

మాస్టారు వాదించలేదు. వాదించినా బాగుండేది. "అలాగా" అన్నారు. కొండ వైపూ ఫోటో వైపూ మార్చి మార్చి చూశారు. "అన్నయ్యకి కూడా ఇలాగే మొదలయ్యింది" అన్నారు.

అన్నయ్యంటే జగన్నాధం. చివరి రోజుల్లో లేనివి ఉన్నాయనేవాడు. ఎప్పుడో అమ్మేసిన ఎద్దులకి కుడితి పెట్టమని కోడళ్ళ మీద కేకలేసేవాడు. ఆఖరికి సొంత తమ్ముణ్ణి చూసి ఎవరు బాబూ నువ్వు అన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టి అన్నం తినిపించింది మాస్టారే. అందుకే తిట్టుకీ శాపానికీ భయపడని మనిషి ఆ ఒక్క జబ్బు పేరు చెబితే వణుకుతారు.

ఆ సాయంత్రం పద్మ కింద మిషను దగ్గర కూర్చుంటే పైనుంచి గీకుతున్న చప్పుడు వినిపించింది. ఉలితో పసుపంతా గీకేస్తున్నారు. పద్మ మిషను ఆపింది. చప్పుడు ఇంకా బాగా వినిపించింది. మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది.

తరవాత ఆయన ఎర్రమట్టి రంగు వేశారు. ఫోటో పక్కన పెట్టుకుని, చూసి చూసి వేశారు. అచ్చు ఫోటోలాగే వచ్చింది. దాని మీద దుప్పటి కప్పేసి మరి తియ్యలేదు.

తన స్కూటీ తాళం తెచ్చి పద్మ చేతిలో పెట్టారు. "దారి మర్చిపోతే ఎవులు ఎతుకుతారు? నీ దగ్గరుంచు." బీపీ మాత్రలు కూడా ఆమెకే అప్పజెప్పారు. ఆదివారాలు వీధి పిల్లలకి బొమ్మలు నేర్పేవారు, అదీ మానేశారు. మాటిమాటికీ వంటింటి గుమ్మంలోకి వచ్చి అడిగేవారు. "నాను స్నానం సేసేనా అమ్మా?" "చేశారు మావయ్యా." "ఇయ్యాల ఏ వారం?" "బుధవారం." ఆమె ఏది చెబితే అదే నిజమన్నట్టు తల ఊపి వెళ్ళిపోయేవారు. నిజానికి ఆయన ఏదీ మర్చిపోలేదు. అన్నీ గుర్తుండి కూడా అడిగేవారు.

పద్మకి అన్నం దిగేది కాదు. ఆయన నమ్మి తల ఊపినప్పుడల్లా ఛీ నా బతుకు అనుకునేది. రెండుసార్లు చెప్పేద్దామని మేడెక్కింది. ఒకసారి ఆయన గోడకి ఆనుకుని అన్నగారి పేరు సణుక్కుంటున్నారు, దిగివచ్చేసింది. ఇంకోసారి ఆయనే ముందుగా, "పద్మా, నేను నిన్ను గుర్తుపట్టని రోజొస్తే కోప్పడకమ్మా" అన్నారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని మెట్ల మీదే కూలబడింది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? అయినా చెప్పలేదు. పిరికిదానికి ఏ సమయమూ మంచిది కాదు.

చివరికి ధర్మేంద్ర సెలవు పెట్టి తండ్రిని విశాఖపట్నంలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పద్మ కూడా వెళ్ళింది. డాక్టరమ్మ చాలా ఓపిగ్గా అడిగింది. మూడు మాటలు చెప్పి కాసేపాగి తిరిగి చెప్పమంది. వెనక్కి లెక్కపెట్టమంది. గడియారం బొమ్మ వెయ్యమంటే మాస్టారు అంకెలూ ముళ్ళూ సరే, గోడమీది మేకూ దాని నీడా కూడా వేసి ఇచ్చారు. ఆవిడ నవ్వింది.

"అంతా బాగానే ఉంది మాస్టారూ. మరి ఏం మర్చిపోతున్నారు?"

"మర్చిపోడం కాదమ్మా. నేనివి ఉన్నట్టు కనపడతన్నాయి. కొండమీద పూలు సూసేను. ఆ పూలు నేవు."

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. కాగితం మీద ఏదో రాసుకుంది. తలకి స్కానింగు తీయిద్దాం, ఈలోగా ఒక మాత్ర మొదలెడదాం అని, పద్మ వైపు తిరిగింది. "ఇంట్లో కనిపెట్టుకుని ఉండేది మీరేగా. లేనివి ఉన్నాయనడం ఇంకెప్పుడైనా గమనించారా?"

మాస్టారు కూడా కోడలి వైపే చూశారు. తన జబ్బు ఎంత ముదిరిందో ఆమే చెప్పాలన్నట్టు, భయంభయంగా.

"ఆయనకి ఏ జబ్బూ నేదండీ" అంది పద్మ. "పూలున్నాయి. నేనే నేవని అబద్దం సెప్పేను." తరవాత ఆగలేదు. ఫోను ఖాళీ లేకపోవడం, చెరిపెయ్యడం, అమ్మ జ్వరం, రెండోసారి రైలు, అన్నీ వరసగా చెప్పేసింది. ఏడుపు రాలేదు. ఏడిస్తే జాలి పడతారని ఏడుపుని కూడా రానివ్వలేదు.

"నీకు మతుందేటే? నాన్న నెల్రోజుల నుంచీ సస్తన్నాడు" అన్నాడు ధర్మేంద్ర.

మాస్టారు చెయ్యెత్తి కొడుకుని ఆపారు. "ఉన్నాయామ్మా పూలు?"

"ఉన్నాయి మావయ్యా. కొండ కొండంతా. మీరు కిటికీలోంచి వంగిపోతే సొక్కా పట్టుకుని నేనే ఎనక్కి లాగేను."

"లాగేవు. అవును, లాగేవు" అన్నారాయన. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. అన్నాళ్ళూ గుండె మీదున్న బరువు దిగిపోయినట్టు పెద్ద ఊపిరి వదిలారు. డాక్టరమ్మ రాసిన కాగితం చింపేస్తే, ఆ ముక్కలు కూడా తనే ఏరి బుట్టలో వేశారు.

ఎక్స్‌ప్రెస్ బస్సులో తిరిగొచ్చారు. ధర్మేంద్ర పెళ్ళాంతో మాట్లాడకుండానే భోగాపురంలో దిగిపోయాడు. తరవాత మావా కోడలూ ఇద్దరే మిగిలారు. ఎండ సగం సీటు మీద పడుతోంది. మాస్టారు ఆమెని నీడవైపు జరగమన్నారు.

"తప్పయిపోనాది మావయ్యా" అంది పద్మ.

"పోనీలే అమ్మా. బెంగతో నువ్వూ సిక్కిపోయేవు. ఫోటోలు పోతే పోనాయి, నాకు బుర్ర మిగిలింది, సాలు." ఆ మాట మనసులోంచే అన్నారు. ఆయనకి పైకొకటీ లోపలొకటీ చేతకాదు. జేబులోంచి జీడిపప్పు పొట్లం తీసి సగం ఆమె చేతిలో పోశారు. పద్మకి ఒక్కసారిగా ఆకలేసింది. ఎన్నాళ్ళకో నోటికి రుచి తెలిసింది. ఇంటికెళ్ళగానే ఆయనకిష్టమైన చేపల పులుసు పెట్టాలనుకుంది.

బస్సు వేగం తగ్గించి మలుపు తీసుకుంది. పద్మ సంచీలు సర్దుకుంది.

"లెగండి మావయ్యా, ఎచ్చెర్ల వచ్చేసింది."

మాస్టారు లేవలేదు. కిటికీలోంచి బయటికి తొంగి చూశారు. తరవాత కండక్టరు వైపు తిరిగి, "బాబూ, ఇది ఎచ్చెర్లేనా?" అని అడిగారు.

"ఎచ్చెర్లే మాస్టారూ, దిగండి" అన్నాడతను.

అప్పుడు లేచారు.