నాయన బండి సిలిండర్

సైకిలు ఇంజను సిలిండర్ ఊడబెరికి వెలుతురుకు పట్టి చూసింది హరిత. లోపలి కంతలు కంపెనీవాడు పోసినట్టే ఉన్నాయి. తన ఆకురాయి గీత ఒక్కటీ లేదు.

"నాయనా, ఇది మనది కాదు."

మంచం మీద కాలు చాపుకుని పడుకున్న దామోదర్ తలెత్తాడు. కుడి మోకాలు బెల్లం దిమ్మలా వాచి ఉంది. "మనది కాకపోతే ఎవురిది మ్మే? మన సైకిల్లోనుంచే కదా పెరికితివి?"

"అదే నేనూ అడగతాండాను."

దామోదర్ పుంగనూరు నుంచి మదనపల్లెకు కొత్తిమీర మోపులు వేసుకుపోయే మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక తొక్కవద్దన్నాడు డాక్టరు. అందుకే హరిత పాత సైకిలుకు చిన్న టూ-స్ట్రోక్ ఇంజను బిగించింది. మోపుతో ఎగువ ఎక్కలేక అది మూలిగితే, సిలిండర్ విప్పి ఒళ్లో పెట్టుకుని, పొగ పోయే కంతను ఆకురాయితో వెంట్రుకంత వెంట్రుకంత వెడల్పు చేసింది. ఒకటి చెడింది. ఇంకొకటీ చెడింది. ఆ తరువాతది కుదిరింది. చలికాలమంతా దానికే పోయింది. అప్పటి నుంచీ నాయన పెడలు తొక్కలేదు.

నిన్న మాత్రం ఎగువలో ఇంజను పొగ కక్కి చచ్చింది. ఎండలో, మోపుతో, ఆ మోకాళ్లతోనే తొక్కాడు. సగం దూరంలో పడిపోయాడు.

"మొన్న నేను కోలారు పెండ్లికి పొయ్యినప్పుడు అంగట్లో ఎవురు కూర్చున్న్యారు?"

దామోదర్ వాచిన కాలు సర్దుకున్నాడు. "యువరాజు. ప్లగ్గు తుడిసి పెడతా మామా అన్న్యాడు. పాపం, కాఫీ కూడా తాగలేదు."

"కాఫీ యాల తాగతాడు? కడుపు నిండింది కదా!"

యువరాజ్‌ది కుప్పం. హరిత రిపేరు అంగట్లోనే పని నేర్చుకుని, సొంత ఊళ్లో పెట్టుకుంటానని వెళ్లినవాడు. వాడిదీ ఇలాంటి ఇంజను సైకిలే. మామా అని పిలిచి, మామ మోకాళ్లు ఊడదీసుకుపోయాడు.

హరిత స్పానర్లు సంచిలో పడేసి బస్సెక్కింది.

పలమనేరులో బస్సు మారేటప్పుడు ఇంకొకటి తట్టింది. వెధవ, సిలిండర్ అయితే మార్చాడు గానీ, కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే పెద్ద జెట్‌ను ముట్టలేదు. మామూలు సిలిండర్ అంత పెట్రోలు తాగలేకే నాయన బండి పొగ కక్కింది. మరి వాడి బండి? గాలిని రెట్టింపు ఆశగా లాగే సిలిండర్, పెట్రోలు చాలని చిన్న జెట్. ఈ ఇంజన్లకు ఆయిలు పెట్రోల్లోనే కలుపుతారు. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. గట్టిగా తోలితే పిస్టన్ కాగి, ఉబ్బి, సిలిండర్‌ను పట్టేస్తుంది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుంటుంది.

'పడనీ. మూతి పగలనీ,' అనుకుంది. ఆ ఒక్క ఆలోచనకే దారి పొడుగునా కాస్త చల్లగా అనిపించింది.

కుప్పం బస్టాండు బయట కాలు పెట్టిందో లేదో, ఆ గొంతు వినబడింది. అన్ని హారన్ల మధ్యా తన ఇంజను గొంతు తనకు తెలియదా?

యువరాజ్ ఎదురుగానే వచ్చాడు. వెనక క్యారియర్ మీద వాళ్లమ్మ గంగులమ్మ, ఒళ్లో వంకాయల బుట్ట. హరితను చూడగానే వాడి మొహం మాడింది. సైకిల్ గిరుక్కున తిప్పి రామకుప్పం రోడ్డు పట్టాడు.

హరిత ఆటోలోకి దూకింది. "అప్పా, ఆ సైకిల్ ఎనకాల పోనీ!"

"సైకిలే కదా పాపా, నింపాదిగా పట్టుకుందాం."

"నింపాదిగా పోతే పట్టలేవు. ఆ ఇంజను చేసింది నేను."

ఆటోవాడు నవ్వాడు. ఊరు దాటాక నవ్వడం మానేశాడు.

ఎగువ మీద యువరాజ్ యాక్సిలేటర్ చివరిదాకా తిప్పేశాడు. సైకిల్ దూసుకుపోయింది. అంత కోపంలోనూ హరితకు గర్వం పొడుచుకొచ్చింది, దాంతో కోపం ఇంకా మండింది. అప్పుడు ఇంజను గొంతు మారింది. గింజలు లేని సొరబుర్రలో రాళ్లు ఆడించినట్టు, పొడిగా, కిటకిటమని. ఆయిలు అందడం లేదు. ముందు దిగువ. అక్కడ చక్రం బిగిస్తే...

ఆటో దగ్గరికి వచ్చింది. గంగులమ్మ ఒక చేత్తో కొడుకు చొక్కా, ఒక చేత్తో బుట్ట పట్టుకుని వణుకుతోంది. ఒక చెప్పు కాలి వేలికి వేలాడుతోంది.

హరిత బయటికి వంగి గొంతు చించుకుంది. "క్లచ్ పట్టరా! రేయ్, క్లచ్చు!"

వాడు వెనక్కి చూశాడు.

"సిలిండరు పట్టేస్తాండాది! పట్టరా, దొంగ నా కొడకా!"

అంగట్లో పని నేర్చుకునేటప్పుడు ఆ గొంతు విని ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డాడో, చెయ్యి దానంతటదే క్లచ్ మీద బిగిసింది. కీచుమని ఇంజను ఆగిపోయింది. క్లచ్ విడిపించిన చక్రం మాత్రం ఆగలేదు. సైకిల్ దిగువకు జారి, రోడ్డు పక్క మట్టిలోకి పోయి నిలబడింది. వంకాయలు దొర్లిపోయాయి.

హరిత వచ్చి స్పానర్ తీసింది. మాట్లాడకుండా బోల్టులు విప్పసాగింది.

"అక్కా..." అన్నాడు యువరాజ్. "అడిగింటే ఇచ్చిండేదానివా?"

"చేసిచ్చిండేదాన్ని రా! ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పిచ్చిండేదాన్ని. అదే నా మంట. మా నాయన ఎగువలో పడి ఉంటే కొత్తిమీర మోపు మేకలు తిన్న్యాయి, తెల్సునా?"

గంగులమ్మకు సంగతి అర్థమైంది. వేలికి వేలాడుతున్న చెప్పు చేతిలోకి వచ్చింది. "బెంగళూరు సామాను అని చెప్తివి కదరా నాకు!" వాడు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. ఆటోవాడు వంకాయలు ఏరుతూ, "ఇంకొకటి తగిలించు పెద్దమ్మా," అన్నాడు.

సిలిండర్ నిప్పులా కాలుతోంది. హరిత చెయ్యి చాపింది. "చొక్కా ఇప్పు."

"అక్కా, రోడ్డు మీద..."

"ఇప్పు!"

ఆ చొక్కాతోనే పట్టి లాగి, లోపల చూసింది. ఒక గీత. గోటికి తగిలీ తగలనంత. ఆకురాయి వద్దు, గరుకు కాగితంతో పోతుంది. ఆ చొక్కాలోనే మూట కట్టింది.

"పాపా, మీ నాయన యట్లుండాడు?" అంది గంగులమ్మ.

"ఇప్పుడు అడగద్దత్తా. నాకింకా కోపం తగ్గలేదు."

తిరుగు బస్సులో ఒళ్లో మూట ఇంకా వెచ్చగానే ఉంది. కండక్టర్ ముక్కు ఎగరేశాడు. "ఏందమ్మా అది, కాలిన వాసనొస్తాండాది?"

"మా నాయన మోకాలు," అంది హరిత. "పుంగనూరుకు ఒక టికెట్ ఇయ్యి."